క్రొత్త లారీకి ప్రార్థన

ధ్యాన భాగములు: మొదటి సమూయేలు 17:38-39, మత్తయి 4:5-7, నిర్గమకాండము 21:28-29



మన నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతపు సంఘములలో ఒక మంచి అలవాటు ఉన్నది. ఇల్లు కట్టినను, బోరు వేసినను, బిడ్డను కాలేజీలో చేర్చినను మొదట ప్రార్థన చేయించుకొందురు. అట్లే ఇంటి ముందు క్రొత్త బండి నిలిచినప్పుడును కాపరికి కబురు వచ్చును. "అయ్యగారూ, బండి వచ్చింది. మీరొచ్చి ప్రార్థన చేస్తే రేపు మొదటి లోడుకు పోవల్ల" అందురు. మన తాతల కాలములో అది ఎద్దులబండి. మన తండ్రుల కాలములో సైకిలు, ఎవరో ఒకరికి ట్రాక్టరు. నేడు పది చక్రముల లారీయును, అక్కడక్కడ ట్రైలరు లారీయును మన ఊళ్లలోనికి వచ్చుచున్నవి. నంద్యాల బియ్యము, బేతంచెర్ల నాపరాళ్లు, ఫ్యాక్టరీల సిమెంటు, ఆళ్లగడ్డ శిల్పులు చెక్కిన విగ్రహములు, ఇవన్నియు లారీ మీదనే దూరప్రాంతములకు పోవలెను గదా. కూలికి పోయిన ఇంటిలోనుండి ఒకడు లారీకి యజమాని అయ్యెనన్న అది మనమందరము సంతోషింపదగిన సంగతి.

అయితే ఆ ప్రార్థనలో మనము దేవుని ఏమి అడుగుచున్నాము? బండికి ఏ హానియు రాకూడదనియు, కిరాయిలు బాగుగా దొరకవలెననియు, ఫైనాన్సు వాయిదాలు తప్పక తీరవలెననియు అడుగుదుము. ఇవి తప్పుడు కోరికలు కావు. కాని ఈ ప్రార్థనలో దేవుడున్నాడు, యజమాని యున్నాడు, బండి యున్నది. ఆ బండి ముందర రోడ్డు మీద నడచు మనిషి మాత్రము లేడు. బండికి హాని రాకూడదని అడుగువాడు, బండివలన ఎవరికిని హాని రాకూడదని అంతకంటె ముందుగా అడుగవలదా? అట్లు అడిగినయెడల, ఆ ప్రార్థన మనమీద ఏ పనిని మోపును? ఈ నెల మనము ఈ సంగతిని ఆలోచింతము.

కొనుట వేరు, స్వాధీనపరచుకొనుట వేరు. సౌలు రాజు దావీదునకు తన యుద్ధవస్త్రములను తొడిగించి, తలకు శిరస్త్రాణము పెట్టించెను. అవి రాజుగారి ఆయుధములు, ఆ దేశములో వాటికంటె మంచివి ఉండియుండవు. దావీదు వాటిని తొడుగుకొని నడిచి చూచెను. తనకు వాటి వాడుక లేదని గ్రహించి, సిగ్గుపడక, రాజు ఎదుటనే తీసివేసెను. ఆయన విశ్వాసము తక్కువైనది కాదు. ఆ దినముననే గొల్యాతు ఎదుట నిలువబోవుచున్నాడు. అయినను అలవాటు లేని ఆయుధమును దేవుని పేరట ధరింపలేదు. గొఱ్ఱెలను కాయుచు ఏండ్ల తరబడి చేయి తిరిగిన వడిసెలనే పట్టుకొని పోయెను. విశ్వాసమును అభ్యాసమును ఒకదానికొకటి విరోధములు కావని ఆ బాలుడు మనకు నేర్పుచున్నాడు.

డబ్బు కట్టినయెడల లారీ ఒక్క దినములో మనదగును. నేర్పు ఆ విధముగా రాదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము రవాణా బండి నడుపువానికి 20 ఏండ్లు నిండవలెను; చిన్న బండి లైసెన్సు పొంది కనీసము ఒక సంవత్సరము గడచిన తరువాతనే పెద్ద బండి నేర్చుకొనుటకు లైసెన్సు ఇయ్యవలెను. చట్టముకంటె ముందునుండియు మన లారీలలో ఇంకొక బడి నడచుచున్నది. అది క్లీనరు బడి. కుఱ్ఱవాడు మొదట అద్దములు తుడుచును, టైర్లు కొట్టి చూచును, త్రాళ్లు బిగించును, బండి వెనుకకు వచ్చునప్పుడు దిగి నిలువబడి "రానీ, రానీ" అని కేక వేయును. ఏండ్లు గడచిన పిమ్మట, ఖాళీ బండిని ఖాళీ రోడ్డు మీద, డ్రైవరు ప్రక్కన కూర్చుండగా, కొంత దూరము నడుపును. ఆళ్లగడ్డలో ఉలి పట్టిన కుఱ్ఱవానికి మొదటి దినముననే విగ్రహపు ముఖము ఎవరును అప్పగింపరు గదా. రాయి చెడిపోయినయెడల ఇంకొక రాయి తేవచ్చును. రోడ్డుమీది ప్రాణమును తేలేము.

ఈ నేర్పు ఏమిటో లారీ ఎక్కనివారికి తెలియదు గనుక కొంచెము చెప్పెదను. పెద్ద బండిని కదిలించుట త్వరగానే వచ్చును. ఆపుటయే కష్టమని పెద్ద డ్రైవర్లు చెప్పుదురు. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవు బండి ఒక్క సెకనులో సుమారు 17 మీటర్లు ముందుకు పోవును. మనిషి ప్రమాదమును చూచి, కాలు బ్రేకుమీదికి పోవులోపలనే ఆ దూరము దాటిపోవును. వేగము రెండింతలైనయెడల బ్రేకు పట్టిన పిమ్మట బండి జారు దూరము నాలుగింతలగును. మీ చేతిలోని స్టీరింగు వెనుక ఎంత బరువున్నదో తలంచుడి. 2018లో కేంద్ర ప్రభుత్వము పది చక్రముల లారీకి, బండి బరువుతో కలిపి, 25 టన్నులుగా ఉన్న హద్దును 28.5 టన్నులకు పెంచినది. ట్రైలరు లారీలకు గరిష్ఠముగా 55 టన్నుల వరకు అనుమతించినది. ఇది చట్టము ఒప్పుకొన్న బరువు. దానిపైన ఆశ ఎక్కించు బరువు వేరు.

ఇక మలుపు సంగతి. పెద్ద బండి ఎడమకు తిరుగునప్పుడు వెనుక చక్రములు ముందు చక్రముల జాడలో పోవు. లోపలికి కోసికొని పోవును. అక్కడ సైకిలు మీద ఉన్నవాడు డ్రైవరు కంటికి కనబడడు. ట్రైలరును వెనుకకు నడుపునప్పుడు తోక ఎడమకు పోవలెనన్న స్టీరింగు కుడికి త్రిప్పవలెను. చేతికి తెలిసినదంతయు తలక్రిందులగును. తడి రోడ్డుమీద ఉన్నట్టుండి బ్రేకు త్రొక్కినయెడల వెనుకటి ట్రైలరు ముందటి ఇంజను భాగమును నెట్టి, బండి మోచేయి వలె మడతపడును. గాలి బ్రేకుల బండిలో గాలి నిండినదా అని ముల్లు చూచిన తరువాతనే కదలవలెను. నంద్యాలనుండి గాజులపల్లె మీదుగా గిద్దలూరు పోవు నల్లమల ఘాటులో, ఎక్కుటకు ఏ గేరు వేయవలసియుండునో దిగుటకును అదే గేరు వేయవలెనని అనుభవశాలులు చెప్పుదురు. డీజిలు మిగులునని న్యూట్రల్‌లో వేసి బండిని జారవిడుచువాడు భారమంతయు బ్రేకులమీదనే వేయుచున్నాడు. అవి కాలి, పట్టు వదలిన పిమ్మట, ఆ లోయలో అతనికి మిగులునది అఱపు మాత్రమే.

ఇంత నేర్పు కావలసిన పనికి ప్రార్థన మాత్రమే చాలునా? ప్రభువైన యేసు ఎదుర్కొనిన రెండవ శోధనను జ్ఞాపకము చేసికొనుడి. అపవాది ఆయనను దేవాలయ శిఖరమున నిలువబెట్టి, క్రిందికి దుముకుమనెను. ఒట్టి మాటతో చెప్పలేదు. దూతల కాపుదలను గూర్చిన 91వ కీర్తనలోని వాక్యమునే ఎత్తి చూపెను. ఆ వాక్యము సత్యమే. అయినను ప్రభువు దుమకలేదు. దేవుని కాపుదలను నమ్ముట వేరనియు, ఆ కాపుదలను పరీక్షకు పెట్టుట వేరనియు తేల్చి చెప్పెను. మన లారీల అద్దములమీద ఆ కీర్తనలోని మాటలను అందముగా వ్రాయించుకొందుము. మంచిదే. కాని చేయి తిరుగనివాడు, నిద్ర లేనివాడు, మత్తులో ఉన్నవాడు ఆ అద్దము వెనుక కూర్చున్నప్పుడు, అది శిఖరము మీద వినబడిన వాక్యమగును. వాక్యము మారలేదు, దానిని పట్టుకొనినవాడు నిలిచిన చోటు మారినది.

ఇప్పుడు యజమాని సంగతికి వత్తము. నిర్గమకాండము 21వ అధ్యాయములో పొడుచు ఎద్దును గూర్చిన ధర్మమున్నది. ఎన్నడును పొడువని ఎద్దు అనుకొనకుండ ఒకనిని పొడిచి చంపినయెడల ఎద్దునకు శిక్ష, యజమాని నిర్దోషి. అది పొడుచు ఎద్దని ముందే తెలిసి, ఇరుగుపొరుగువారు హెచ్చరించినను, అతడు దానిని కట్టివేయక విడిచినయెడల ఆ రక్తము యజమాని తలమీదికి వచ్చును. ఎంత సూక్ష్మమైన తీర్పో చూడుడి. రెండు సందర్భములలోను మరణము ఒక్కటే, ఎద్దు చేసిన పని ఒక్కటే. భేదమంతయు యజమానికి ముందుగా ఏమి తెలిసియుండెను అను దానిలో నున్నది. నేడు మనము ప్రతిదానిని "యాక్సిడెంటు" అని ఒక్క మాటతో తోసివేయుచున్నాము. టైరు అరిగినదని తెలియును, కొడుకునకు లైసెన్సు లేదని తెలియును, డ్రైవరు రెండు రాత్రులనుండి పండుకొనలేదని తెలియును. ఇన్ని తెలిసినవానికి "అనుకోకుండ జరిగినది" అను మాట చెల్లునా? మన దేశపు మోటారు చట్టము 5వ సెక్షనును ఇదే చెప్పుచున్నది: లైసెన్సు లేనివానికి, వయస్సు చాలనివానికి బండిని అప్పగింపకూడదను బాధ్యత యజమానిది.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో క్రొత్త ఇంటిని గూర్చిన మాట యొకటి కలదు. ఇల్లు క్రొత్తగా కట్టువాడు, ఎవడైనను పైనుండి పడకుండునట్లు, మిద్దె చుట్టు పిట్టగోడ కట్టవలెను. మిద్దెలున్న మన సీమలో ఈ ధర్మము సులభముగా అర్థమగును. ఇల్లు నాది, మిద్దె నాది, ఎక్కినవాడు చూచుకొనవలెను అని యజమాని తప్పించుకొనుటకు వీలులేదు. క్రొత్త వస్తువు ఇంటికి వచ్చిన దినముననే, ఇంకను ఎవరును పడకముందే, పొరుగువాని ప్రాణమును తలంచి ఖర్చు పెట్టవలెను. లారీకి పిట్టగోడ ఏది? నేర్చిన చేయి, మంచి బ్రేకు, వెలుగు దీపములు, చాలినంత నిద్ర.

ఇక్కడ ఒకడు న్యాయముగా అడుగవచ్చును. "అయ్యగారూ, మీరు చెప్పేది బాగానే ఉంది. నెల తిరిగితే వాయిదా కట్టల్ల. ఆరు నెలలు నేర్చుకుంటా కూర్చుంటే బండిని ఎత్తుకొని పోతారు. నా పెండ్లాం బిడ్డల గతేంది?" ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయకూడదు. అది పేదవాని కడుపులోనుండి వచ్చిన ప్రశ్న. కిరాయి తగ్గించి, సమయమునకు రాకపోయిన డబ్బు పట్టుకొనెదనని బెదరించు వ్యాపారికి ఈ పాపములో భాగమున్నది. 1961లో వచ్చిన మోటారు రవాణా కార్మికుల చట్టము దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు అని పనికి హద్దు పెట్టెను. ఆ హద్దు ఎన్ని లారీల కాబిన్లలోనికి ఎక్కెనో మీరే చెప్పగలరు. అప్పు అను డ్రైవరు లోపల కూర్చుండి బండిని తోలునప్పుడు, స్టీరింగు పట్టిన మనిషికి ఆపుటకు స్వేచ్ఛ ఉండదు.

అయినను ప్రభువు లూకా 14వ అధ్యాయములో గోపురము కట్టగోరువానిని గూర్చి ఏమి సెలవిచ్చెను? మొదట కూర్చుండి లెక్క చూచుకొనవలెను. మనము లెక్క చూచునప్పుడు బండి వెల, వడ్డి, ఇన్సూరెన్సు, టైర్లు వ్రాసికొందుము. నేర్చుకొను నెలలను వ్రాసికొనము. ఏనుగును కొన్నవాడు అంకుశమునకు వెనుకాడునా అని మన పెద్దలు అనిరి. లక్షలు పెట్టి లారీ కొన్నవాడు, మొదటి సంవత్సరము అనుభవశాలియైన డ్రైవరును జీతమునకు పెట్టుకొని తాను ప్రక్క సీటులో కూర్చుండుటకు వెనుకాడవచ్చునా? ఆ జీతము కూడ బండి వెలలోని భాగమే. అది భరింపలేనివాడు ఇంకను చిన్న బండి కొనవలెను, లేక కొన్నాళ్లు ఆగవలెను. ఇది కఠినమైన మాటయని ఎరుగుదును. కాని అతని వాయిదా భారమును, ఆ అప్పుతో ఏ సంబంధమును లేని బాటసారి తన ప్రాణముతో తీర్చుట అంతకంటె కఠినము.

ఇది దూరదేశపు సంగతి కాదు. కర్నూలునుండి కడపకు పోవు 40వ నంబరు జాతీయ రహదారి నంద్యాల, సిరివెళ్ల, ఆళ్లగడ్డల మీదుగా మన పొలముల ప్రక్కనే పోవుచున్నది. 2020 డిసెంబరులో, క్రిస్మసు దినములలో, సిరివెళ్ల మండలము యర్రగుంట్ల యొద్ద గుడికి నడచి పోవుచున్న విశ్వాసులమీదికి ఒక వాహనము దూసికొనిపోయినది. పలువురు ప్రాణములు విడిచిరి. 2024 మార్చిలో ఆళ్లగడ్డ మండలము నల్లగట్ల యొద్ద, రోడ్డు ప్రక్కన నిలిచియున్న లారీని ఒక కారు ఢీకొనగా, ఒకే కుటుంబమువారు అయిదుగురు మరణించిరి. వారిలో క్రొత్తగా పెండ్లియైన దంపతులుండిరి. ఇందులో ఎవరిది ఎంత దోషమని తీర్పు తీర్చుట మన పని కాదు. మనము నేర్చుకొనవలసినది వేరు. నడచుచున్న బండి ముందరను మనుష్యులున్నారు, నిలిచిన బండి వెనుకను మనుష్యులున్నారు. ఎక్కడ నిలుపవలెనో, నిలిపినప్పుడు ఏ దీపము వెలిగింపవలెనో, ఎఱ్ఱని త్రికోణమును ఎంత దూరమున పెట్టవలెనో, అదియును డ్రైవరు చదువులోని పాఠమే. 2022 ఒక్క సంవత్సరములో మన దేశపు రోడ్లమీద 1,68,491 మంది మరణించిరని ప్రభుత్వపు లెక్క. వారిలో 32 వేలకు పైగా నడచిపోవువారు. ఆ అంకె వెనుక ఒక్కొక్క ఇల్లున్నది.

రోడ్డు ప్రక్కన కాపురముండు మనకును కొంత బాధ్యత కలదు. రహదారిమీద ధాన్యమును, జొన్నలను ఆరబోసి, చుట్టు రాళ్లు పేర్చి, చీకటి పడినను తీయకుండ ఇంటికి వచ్చువారు మన సంఘములలో లేరా? దీపము లేని బండిని, గొడ్లను రాత్రివేళ రోడ్డు దాటించువారు లేరా? తెల్లవారుజామున గుంపుగా గుడికి నడచునప్పుడు ముందొకరు, వెనుకొకరు టార్చిలైటు పట్టుకొని, రోడ్డు వదలి ప్రక్కన నడచుట అవిశ్వాసము కాదు. ప్రమాదము జరిగినప్పుడు గాయపడినవారిని ఆస్పత్రికి చేర్పించుట డ్రైవరు విధియని చట్టము 134వ సెక్షను చెప్పుచున్నది. దానికి 2019లో చేర్చిన 134ఏ సెక్షను, సహాయము చేసినవారిని కాపాడుచు, వారికి మంచి సమరయుడు అను పేరునే పెట్టినది. ప్రభువు చెప్పిన ఉపమానము మన దేశపు చట్టములోనికి ఎక్కినది. అది మన ఊరి రోడ్డు మీదికిని దిగవలెను. పోలీసు భయముతో పారిపోవు డ్రైవరును, డ్రైవరును కొట్టుటకు ముందుగా పరుగెత్తు గుంపును, ఇద్దరును గాయపడినవానిని విడిచి ప్రక్కగా పోయినవారే.

రెండవ రాజుల గ్రంథములో యెహూ తన రథమును వెఱ్ఱిగా తోలుచు వచ్చుచుండగా, గోపురముమీది కావలివాడు ముఖము చూడకముందే, తోలు తీరును బట్టి మనిషిని గుర్తుపట్టెను. మనుష్యుని స్వభావము అతని తోలుటలో తెలియును. లారీ మనలోనికి క్రొత్త గుణమును తేదు. లోపల ఉన్న ఓర్పును గాని కోపమును గాని ఇరువది ఎనిమిది టన్నుల బరువుతో బయటికి తెచ్చును. ఇంటిలో భార్యమీద, పొలములో కూలివానిమీద ఆగని నోరు గలవాడు హారనుమీద చేయి ఆపుకొనగలడా? కావున బండి నేర్చుకొనుట తన్ను తాను అణచుకొనుట నేర్చుకొనుటయే. ఆ పాఠమునకు ఏ డ్రైవింగు స్కూలు సర్టిఫికెటును చాలదు.

యౌవనస్థులారా, లారీ కొనుడి, కష్టపడి బ్రదుకుడి. మీ కాపరులు సంతోషముతో వచ్చి ప్రార్థన చేయుదురు. కాని కాపరి వచ్చి, "నాయనా, లైసెన్సు ఉన్నదా? ప్రక్కన పెద్ద డ్రైవరు ఎవరు? రాత్రి నిద్రపోయితివా?" అని అడిగినయెడల కోపపడకుడి. ఆ ప్రశ్నలు ప్రార్థనకు అడ్డము కావు. ప్రార్థన అక్కడనే మొదలగుచున్నది. తల్లిదండ్రులారా, తాళపు చెవి కొడుకు చేతిలో పెట్టుటకు ముందు ఆ ఎద్దు సంగతి తలంచుడి. సంఘ పెద్దలారా, ఈ డిసెంబరులో తెల్లవారుజామున మన స్త్రీలును పిల్లలును పాడుచు రోడ్డు వెంబడి గుడికి నడచి వత్తురు. అదే వేళకు మన కుఱ్ఱవాడే ఒకడు రాత్రంతయు లారీ నడిపి అదే రోడ్డున ఇంటికి వచ్చుచుండును. ఇద్దరును మన బిడ్డలే. ఇద్దరును క్షేమముగా చేరవలెనని ప్రార్థింతము; అందుకు చేయవలసినదంతయు చేయుదము.